మొన మందం

ఆ పొద్దున ఆకాశం సగం మబ్బు, సగం ఎండ. వాన పడుతుందో లేదో తేలక, కొట్టు ముందు పరదా దించుదామని లేచి, వద్దులే అని మళ్ళీ చక్రం ముందు కూర్చున్నాడు సాన పట్టే ఆయన.

ఒళ్ళో బావ ఇచ్చిన పాత కటారు ఉంది. బావ ముత్తాత యుద్ధంలో పట్టిందట. ముప్ఫై ఏళ్ళుగా వంటింటి కత్తులూ మంగలి కత్తులూ చూసిన చేతికి ఇదేమిటో అంతుపట్టలేదు. పిడి నిచ్చెన మెట్టులా అడ్డంగా ఉంది. గుప్పిట పడితే కత్తి వేళ్ళకు ముందు నిలబడుతుంది. నరకడానికి కాదు, గుద్దడానికి. అంతవరకూ సరే. కత్తంతా పల్చగా వచ్చి, తీరా మొన దగ్గర కందిరీగ కుట్టిన వేలులా ఉబ్బిందేమిటి?

బావ తుప్పు తియ్యమన్నాడు, అంతే. మధ్యాహ్నం పాత ఆయుధాల ప్రదర్శనశాలకి ఇవ్వాలి. అద్దాల పెట్టెలో ముత్తాత పేరు రాసి పెడతారని బావకి వారం రోజులుగా కాళ్ళు నేల మీద ఆనడం లేదు. తీరా మొద్దు మొన పెడితే నలుగురిలో నామోషీ కదా. చేసిన కమ్మరికి చెయ్యి తిరగలేదు పాపం అనుకుని, మొన ఒక పక్క రాయికి ఆనించాడు.

రాయి కీచుమంది. మిగతా కత్తికి లేని గట్టిదనం మొనకి ఉంది. ఆపేసరికే ఆ పక్క ఉబ్బు అరిగిపోయింది. తిప్పి చూశాడు. రెండో పక్క ఉబ్బు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. చెయ్యి తిరగనివాడు తప్పుని ఇంత తీరుగా చేస్తాడా?

మధ్యాహ్నం అన్నం వేళకి బావ వచ్చాడు, వెనకే కారియరుతో అక్క. బావ కటారుని చాలాసేపు తిప్పి చూశాడు. అప్పట్లో సైనికులు ఇనుప రింగులల్లిన చొక్కాలు తొడిగేవారనీ, పల్చటి మొన వాటిలో ఇరుక్కుని విరిగేదనీ, మందపు మొనే రింగు పగలదీసి దిగేదనీ ప్రదర్శనశాల పెద్దాయన చెప్పాడట.

“ఆ మొన చూసే కదరా వాళ్ళు అడిగింది.”

“ముందే చెప్పొచ్చు కదా బావా.”

“తుప్పు తీసేవాడికి యుద్ధం సంగతెందుకులే అనుకున్నా.” కటారు రాయి పక్కన పెట్టాడు. “రెండో పక్కా అరగదీసెయ్. మీ అక్కకి కూరలు తరగడానికైనా ఉంటుంది.”

కోపమో వేళాకోళమో మొహం చూస్తే తెలియలేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో అదీ తెలియలేదు. తమ్ముడు చక్రం మీద చెయ్యి వేశాడు, తీసేశాడు.

“ఇవ్వడానికి వెళ్తావా మరి?” అన్నాడు చివరికి.

“ముందు తిందాం” అన్నాడు బావ.

ముగ్గురూ కింద కూర్చున్నారు. ప్రదర్శనశాల వాళ్ళకు చెప్పిన వేళ దాటిపోతోంది. ఎవరూ లేవలేదు. బావ తన గిన్నెలోని కూర సగం తీసి బావమరిది అన్నం మీద వేశాడు. ఎందుకు వేశాడో తెలియకుండానే అతను కలుపుకుని తిన్నాడు.