తీగ దారిలో పోలమ్మ

ఉక్కు కార్ఖానా ఊరి పక్కన పర్సుడీహ్‌లో మా ఇంటి ముందు భూమి తవ్వాలంటే తాతలు దిగిరావాలి. పైన జానెడు ఎర్రమట్టి, చూడ్డానికి మెత్తగా, మంచిదానిలా ఉంటుంది. దాని కింద మొరం, మొరం కింద రాయి. పార వేస్తే ఖంగుమంటుంది, గునపం వేస్తే నిప్పు రాలుతుంది, వేసినవాడికి మోచేతి దాకా జివ్వుమంటుంది. అటువంటి నేలలో సందు మొగలో ఉన్న కరెంటు స్తంభం నుంచి మా గుమ్మం దాకా నడుము లోతున గొయ్యి తవ్వి, అందులో కేబుల్ పాతుకోమన్నారు కరెంటాఫీసు వాళ్ళు. ఎనభై రెండో సంవత్సరం, రోహిణి కార్తె ఎండలు. నాకు కోపం రావడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. కారణం లేకపోయినా వస్తుందని మా అత్త నూకాలమ్మ అంటుంది.

తీగ పైనుంచి లాగితే పోయేది కదా అని మీరు అనవచ్చు. మా సందు చివర వెదురు డిపో ఉంది. లారీలు ఇళ్ళ కప్పులకన్నా ఎత్తుగా వెదురు వేసుకుని వస్తాయి. కిందటేడు ఓ లారీ ఎవరింటి తీగనో లాక్కుపోతే, అది తెగిపడి పాలగేదె ఒకటి చచ్చింది. అందుకని పిండిమరకు వేసే లావు తీగ భూమిలోంచే రావాలన్నారు. వానలు మొదలైతే గొయ్యి నీళ్ళతో నిండి పక్కింటి సింహాచలమ్మ ప్రహరీ గోడ అందులోకి ఒరుగుతుందని, మృగశిర లోపల పూడ్చెయ్యాలని కూడా అన్నారు. ఆ సింహాచలమ్మ గోడ ఒరగకముందే రోజూ వచ్చి, ఒరిగిపోయినట్టే ఏడ్చి వెళ్ళేది.

ఇంత తిప్పలూ పిండిమర కోసం. పిండిమర మా ఆయన పోలరాజు కోసం. ఆయన ఖలాసీ గ్యాంగుకు సర్దారు. టన్నుల బరువుండే యంత్రాలను తాళ్ళతో, గునపాలతో లేపి, ఇనప పైపుల మీద దొర్లించి చోటు మార్చేవాళ్ళను ఇక్కడ ఖలాసీలంటారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్ళు కొందరు ఆ పనిలోనే ఉన్నారు. కిందటేడు ఒక కంట్రాక్టరు పనిలో పెద్ద గేరుబాక్సును దిమ్మ మీదికి ఎక్కిస్తున్నారు. బరువు లేచాక దాని కిందికి చెక్క తొయ్యడం సర్దారు పని. గునపంతో ఆ బరువును ఆపి పట్టుకున్నవాడు అప్పన్న. గునపం వాడి చేతిలోంచి జారింది. మా ఆయన కుడి కాలు మోకాలి కింద నుంచి పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇచ్చిన చంకకర్రలు మూలకు చేర్చినవి చేర్చినట్టే ఉన్నాయి. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నా భయమంతా అదే. కోపం వచ్చి కంచం విసిరికొట్టినా సంతోషించేదాన్ని. మనిషిని మళ్ళీ లేపాలంటే కూర్చుని చేసే పని ఏదో ఒకటి ఉండాలని నేనే పిండిమర కొనిపించాను. మేం అన్నం తినేవాళ్ళమే గాని చుట్టూ ఉన్నవాళ్ళంతా రొట్టెలవాళ్ళు, గోధుమలకు కొదవ లేదు. మర, మోటారు వచ్చి వసారాలో దిగాయి. ఆయన తల తిప్పి చూడలేదు.

“కరెంటొత్తే నువ్వే తిప్పాలి మావా,” అన్నాను.

“ఒగ్గీ రత్నం. నాను మూలకెల్లిపోయిన మనిషిని,” అన్నాడు. నెల్లాళ్ళలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అది.

గొయ్యి తవ్వడానికి నేనెవరినీ పిలవలేదు. డ్యూటీ దిగాక గ్యాంగువాళ్ళే గునపాలూ రెండు మొనల గైంతాలూ భుజాన వేసుకుని వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు అసిరయ్య. గునపానికి లొంగని చోట రాయి మీద బొగ్గు రాజేసి, రాయి ఎర్రగా కాలాక బిందెలతో నీళ్ళు గుమ్మరించేవారు. రాయి పటపటమని బీటలు తీసేది. బీటలో ఉలి పెట్టి సమ్మెటతో కొడితే పెళ్ళలుగా ఊడొచ్చేది. అలా రోజంతా చేస్తే చాప పరిచినంత మేర గొయ్యి పడేది. వాళ్ళకు టీలు కాచి, రొట్టెలు కాల్చి పెట్టాను. నేను కాల్చిన రొట్టెలకు గైంతా కావాలని అసిరయ్య అనేవాడు. ఆ మనుషులకు నేనేమిచ్చినా తక్కువే.

అప్పన్న కూడా వచ్చాడు. నా ఎదుట పడకుండా స్తంభం వైపు చివర్న ఒక్కడే తవ్వుకునేవాడు. మొదటి రోజే వెళ్ళి అడిగాను.

“నిన్నెవులు రమ్మన్నారు?”

“ఎవులూ రమ్మన్నేదప్పా.”

“అప్పా గిప్పా అనకు. ఎల్లిపో.”

మావైపు అక్కను అప్ప అంటారు. వాడు తల వంచుకుని గైంతా ఎత్తాడు. వెళ్ళలేదు. నేనూ వాడికి టీ పొయ్యలేదు. మా అత్త మాత్రం కొంగు చాటున గ్లాసు పట్టుకెళ్ళేది, నేను చూడనట్టు ఉండేదాన్ని. కాలు పోయింది నా మొగుడిది, నాకు ఆ మాత్రం కోపం ఉండకూడదా?

ఇక మా అత్త సంగతి. రోజూ పొద్దున్నే గోతి దగ్గరికి వెళ్ళి, పనిముట్లు ఎవరికీ తగలకుండా చూడమని భూమి మీద చిటికెడు పసుపు వేసి దండం పెట్టేది. సింహాచలమ్మ గోడ పక్కకు వచ్చేసరికి మోకాలి లోతున ఒక నల్లటి రాయి నెత్తి కనబడింది. గైంతా దాని మీద పడి ఎగిరి అసిరయ్య ముంగాలికి తగిలింది. రక్తం రాయి మీద పడింది. మా అత్త హడలిపోయింది. ఆ రక్తం కడిగి, రాయి నిండా పసుపు రాసి, పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. శాంతి జరిగిందనుకుని ఇంట్లోకొచ్చి అన్నం తింది.

సాయంత్రానికి సింహాచలమ్మ కొబ్బరికాయతో వచ్చింది. తెల్లారేసరికి వీధి ఆడవాళ్ళందరూ వచ్చారు. తవ్వుతుంటే రక్తం చిందించిన రాయి, పైగా పసుపు బొట్టుతో ఉన్న రాయి, అమ్మవారు గాక మరేమిటి? ఎవరికి తోచిందో ఎవరన్నారో గాని మధ్యాహ్నానికి దానికి పేరు కూడా వచ్చింది. మా ఊళ్ళ వైపు గ్రామదేవత పోలమ్మ తల్లి పేరే. మా అత్త కూడా నమ్మేసింది.

“నన్నెతుక్కోని ఇంత దూరం వచ్చిందే తల్లి,” అని కళ్ళు తుడుచుకుంది.

“వచ్చినామె గోడకి అటేపు రావచ్చు గదా. నా కేబుల్‌కే అడ్డం రావాలా?” అన్నాను. మా అత్త చెంపలు వేసుకుంది, నా తరఫున కూడా.

గ్యాంగు పని ఆగిపోయింది. అసిరయ్య కట్టు కట్టిన కాలుతో వచ్చి, చెప్పులు దూరంగా విడిచి నిలబడ్డాడు.

“కామ్ బంద్ రత్నం. ఆయమ్మ మీద సమ్మెట ఎత్తితే సెయ్యి పడిపోద్ది. నిప్పెట్టడం మాట నోటితో అనకూడదు.”

పక్కనుంచి పోదామంటే ఒకవైపు గోడ, ఒకవైపు మురుక్కాలువ. పైగా కేబుల్‌ను కొలిచి కోయించి తెచ్చేశాం, చుట్టు తిప్పితే చాలదు. ఆకాశం చూస్తే దల్మా కొండల వైపు నల్లబడుతోంది. గొయ్యి పూడ్చెయ్యవలసి వస్తే మళ్ళీ వానలు వెనకబట్టాకే తవ్వడం. అన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్ళీ ఇటు తిరుగుతాడన్న నమ్మకం నాకు లేదు. ఆ మాట ఎవరితో చెప్పుకోను? ఒళ్ళు మండిపోయింది. గోతిలోకి దిగి సమ్మెట అందుకున్నాను.

“మీ ఎవుల సెయ్యీ పడిపోవద్దు. నా సెయ్యే పడనీ,” అన్నాను.

మా అత్త నా కన్నా ముందు రాయి మీద బోర్లా పడుకుంది. సింహాచలమ్మ గొల్లుమంది. అసిరయ్య నా చేతిలో సమ్మెట లాక్కోబోయాడు. అరుపులు సందు మొగదాకా వినపడ్డాయి.

“రత్నం, సమ్మెట దించు.”

మా గుమ్మంలోంచి వచ్చిన గొంతు అది. ఆయన చంకకర్రల మీద నిలబడి ఉన్నాడు. ఒక కర్ర తిరగేసి పట్టుకున్నాడు, పాపం, ఎలా పట్టుకోవాలో ఎన్నడూ చూసుకోలేదు. ఊగుతూ, ఆగుతూ గోతి గట్టు దాకా వచ్చి కూర్చున్నాడు. నేను సాయం వెళ్ళలేదు. వెళితే మళ్ళీ లోపలికి పోతాడేమోనని భయం వేసింది.

రాయిని కాసేపు చూశాడు. కర్ర చివరతో ఇటు తట్టి, అటు తట్టి విన్నాడు.

“ఇది కింద పాతుకున్న రాయి కాదు, విడిరాయి. అమ్మా, లే. మనూర్లో పండక్కి అమ్మోర్ని గుడిలోంచి ఊర్లోకి తెత్తారు గదా, తప్పవుద్దా?”

“తప్పెందుకవుద్ది? పిలిసి, సారెట్టి, అడిగి తెత్తారు.”

“అయితే అడుగు. మనింటి మూల నీడుంది, అక్కడ కూకోమను. దెబ్బ తగలనివ్వనని నా మాటగా సెప్పు.”

మా అత్త ముఖం విప్పారింది. అత్తవారింటికి పంపే ఆడపడుచుకు చేసినట్టే చేశారు. సింహాచలమ్మ చలివిడి చేసి తెచ్చింది. నేను గాజులు, రవికె గుడ్డ పెట్టాను. మా అత్త రాయి చెవి దగ్గర అన్నట్టు వంగి ఏదో చాలాసేపు చెప్పింది. తరువాత లేచి, “వత్తానంది,” అంది.

అప్పుడు మొదలైంది పని. ఆయన గట్టు మీద కూర్చుని చెబుతుంటే గ్యాంగువాళ్ళు చేతులతోనూ తాపీలతోనూ రాయి చుట్టూ మట్టి గోకారు. కట్టేసిన దూడంత రాయి బయటపడింది. మా ఇంటి వైపు నేలను వాలుగా చెక్కి, దాని మీద పాత రైలు స్లీపర్లు పరిచారు. పైపు ముక్కలు తెచ్చారు. గునపాలకు గోనెగుడ్డ చుట్టారు, అమ్మవారికి నొప్పి కలగకుండా. ఇక రాయిని లేపి కిందికి పైపులు తొయ్యాలి. అవి తోసే మనిషి గోతిలో బోర్లా పడుకుని, రాయి కిందికి భుజం దాకా చెయ్యి పెట్టాలి. ఆయన గట్టు మీంచి గోతిలోకి జారాడు.

“మావా, నువ్వొద్దు,” అన్నాను.

వినలేదు. తల ఎత్తి చుట్టూ చూశాడు.

“అప్పన్నేడి?”

అప్పన్న స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. అసిరయ్య చెయ్యి ఊపితే అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు.

“పెద్ద గునపం ఆడికియ్యండి.”

“నాను పడతాను సర్దార్,” అన్నాడు అసిరయ్య.

“నిన్నడగనేదు.”

అప్పన్న గునపం ముట్టుకోలేదు. “నా సేతులు ఒణుకుతున్నాయి బావా. ఇంకెవులికైనా ఇయ్యి,” అన్నాడు.

“ఒణికితే గట్టిగా పట్టుకో. నాకు ఇంకో కాలుంది గదా, బయ్యమేటి?”

ఎవరూ నవ్వలేదు. ఆయనే నవ్వాడు. ఆ నవ్వు నేను చూసి ఏడాదయింది.

“జోర్ లగాకే,” అని ఆయన గోతిలోంచి అరిచాడు. “హైసా,” అన్నారు అందరూ. రాయి ఒక పక్క లేచింది. ఆయన చెయ్యి దాని కిందికి పోయింది, తరువాత భుజం, తరువాత తల కూడా నీడలోకి పోయింది. ఆ బరువంతా అప్పన్న గునపం మీద ఉంది. వాడి మెడ నరాలు తాళ్ళలా లేచాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టిన నేను అప్పుడు వాడి చేతులకే మొక్కాను. తండ్రీ, పట్టు వదలకు, అని పైకే అన్నాను. గునపం వెంట్రుకవాసి కదల్లేదు.

పైపులు పడ్డాయి. ఆయన కేకలు వేస్తుంటే పోలమ్మ స్లీపర్ల మీద మెల్లగా దొర్లుకుంటూ వాలు ఎక్కి మా ఇంటి మూలకు వచ్చి కూర్చుంది. ఎక్కడా పెచ్చు కూడా ఊడలేదు. వీధి వీధంతా ఆ వెంటే పోయింది.

గోతిలో ఆయన ఒక్కడే మిగిలాడు, ఒళ్ళంతా మట్టి. పైకి రావడానికి చెయ్యి ఎత్తాడు. నేను వంగి నా చెయ్యి అందించాను. ఆయన పట్టుకోలేదు.

“అప్పన్నా, సెయ్యియ్యి,” అన్నాడు.

వాడు ఇచ్చాడు. లాగి పైకి తెచ్చి, వీపు మీద వేసుకుని, వసారాలో మర పక్కన దింపాడు. దింపాక కూడా ఆ చెయ్యి వదలడానికి వాడికి చాలాసేపు పట్టింది. నా చెయ్యి అలా గాలిలోనే ఉండిపోయినందుకు నాకు ఏ బాధా కలగలేదు. జన్మలో అంత సంతోషం ఎరగను.

మర్నాడు ఇసక పోసి, కేబుల్ పరిచి, పైన ఇటుకలు పేర్చి గొయ్యి పూడ్చాం. సింహాచలమ్మ కూడా తన వంతు ఇటుకలు మోసింది. మూడోనాడు వాన కొట్టింది. మర తిరగడం మొదలుపెట్టాక మా ఆయనకు మాటలూ వచ్చాయి, కోపమూ వచ్చింది, గోధుమల్లో రాళ్ళుంటే తెచ్చినవాళ్ళను తిడుతున్నాడు. ఆ తిట్లు వింటూ నేను హాయిగా అన్నం వండుకుంటాను.

శుక్రవారం శుక్రవారం మా ఇంటి మూల పోలమ్మకు పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెడతాను. ఆ రాయి మొదటి దెబ్బకే పగిలి ఉంటే మా ఆయన ఇంకా మంచం మీదే ఉండేవాడు. అప్పన్న ఆ వేళకు పిండి బస్తాలు దింపడానికి వచ్చి ఉంటాడు. వాడి వైపు తిరిగి వాడికీ ఒక దండం పెట్టాలనిపిస్తుంది. పెడితే సిగ్గుపడి మళ్ళీ రావడం మానేస్తాడని ఊరుకుని, ఇంత టీ పోసి ఇస్తాను.