చెంగు కింద చెయ్యి

ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి, జాకీ ఎత్తకముందే వెనక చక్రం బోల్టులు వదులు చేయాలి, అమ్మ కంట్లో చుక్కలు వేయాలి, ఆధార్ జిరాక్స్ తీయించాలి, స్కూలుకు సెలవు చీటీ పంపాలి, ఇవన్నీ అయ్యాక మధ్యాహ్నానికల్లా అమ్మను చిక్కబళ్ళాపురం కంటి ఆసుపత్రిలో చేర్చాలి, రేపు ఆపరేషన్, కానీ అన్నిటికంటే ముందు వెనక చక్రాల్లోంచి వచ్చే ఆ గరగర పోవాలి, అది పోకపోతే అమ్మ కారెక్కదు, ఎక్కనని పొద్దున్నే తేల్చేసింది, నేను బస్సులో వస్తానప్పా, నువ్వు నీ కారులో రా, ఆడ కలుసుకుందాము, అని, ఏదో ఊళ్ళో పెళ్ళికి పోతున్నట్టు, నందీశ్‌కు నవ్వూ వచ్చింది ఉక్రోషమూ వచ్చింది, ఒక కంటికి పొర పూర్తిగా కమ్మేసింది, రెండో కన్ను ఉండీ లేనట్టే, బాగేపల్లి బస్టాండులో ఏ బస్సు ఎటు పోతుందో ఈమెకెట్లా తెలుస్తుంది, ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు తను, కారు కొన్న మొదటివాడూ తనే, ఆ కారులో అమ్మ కూర్చోనంటే ఇక ఎవరు కూర్చోవాలని కొన్నట్టు.

పానా బిగించి కాలితో తొక్కాడు, బోల్టు కిర్రుమంది, ఈ కిర్రు వేరు, ఆ గరగర వేరు, మొదట్లో అది అమ్మ కారులో ఉన్నప్పుడే వచ్చేది, ఒక్కడే స్కూలుకు పోయినప్పుడు కారు పిల్లిలా పోయేది, బరువు వల్లనేమోనని సైన్స్ మేష్టరు బుద్ధి కొద్దీ ఒక ఆదివారం అమ్మ సీట్లో రాగుల మూట పెట్టి, దానికి బెల్టు కూడా కట్టి, గుడిబండె దాకా పోయి వచ్చాడు, మూట కిమ్మనలేదు, కారూ కిమ్మనలేదు, మరుసటి వారం అమ్మను ఎక్కించుకుంటే మళ్ళీ గరగర, ఇప్పుడు ఎవరున్నా లేకున్నా పెడల్ మీద కాలు పెడితే చాలు ఇనుము ఇనుమును నమిలినట్టు, అమ్మ మాత్రం దాని గురించి ఒక్కసారే నోరు విప్పింది, ఆ దినమూ ఇట్లే అరిసిందప్పా, అని, ఆ దినం అంటే నాయన అంజినప్ప టమోటా టెంపోలో చింతామణి మార్కెట్టుకు పోయిన దినం, కెంచార్లహళ్ళి దగ్గర దిగుడులో బ్రేకు పట్టలేదు, పక్కన అమ్మ, పగిలిన టమోటాల మధ్య అమ్మే లేచి కూర్చుంది, నాయన లేవలేదు, నందీశ్ అప్పుడు హాస్టల్లో పరీక్షకు చదువుతున్నాడు, ఆ శబ్దం వినలేదు, వినని శబ్దాన్ని ఇప్పుడు సుత్తి పట్టుకుని వెతుకుతున్నాడు.

ఏమి మేష్ట్రే, కారుకు కూడా టెస్ట్ పెట్టినావా, అని పక్కింటి బయ్యప్ప ట్రాక్టరు మీది నుంచి దిగి వచ్చాడు, పాసైతాదా ఫెయిలైతాదా, నువ్వు నోరు మూసుకుంటే పాసైతాది అన్నా, అన్నాడు నందీశ్, చక్రం తీసి సుత్తితో బ్రేకు డ్రమ్ము చుట్టూ తట్టగా తట్టగా ఊడి వచ్చింది, లోపలంతా నల్లటి పొడి, బ్రేకు షూల మీద ఉండాల్సిన లైనింగ్ పొర పూర్తిగా అరిగి ఇనుము బయటపడి ఉంది, అవతలి చక్రమూ అంతే, ముందు బ్రేకులు చూస్తే కొత్తవిలా ఉన్నాయి, ముందువి కదా ముందు అరగాలి, హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే గదా, దాన్ని ఎత్తే తోల్తాండావేమో, అన్నాడు బయ్యప్ప, నేనేమన్నా నిన్న నేర్చుకున్నానా, ప్రతిసారీ దించే తోల్తా, అంటూనే మనసులో ఏదో గుచ్చుకుంది, దించుతాడు, చెయ్యి ఆ పని తనంతట తానే చేస్తుంది, మరి ఎందుకు, కొత్త షూలు ఎక్కించాడు, స్ప్రింగు జారి వేలు చీరుకుంది, డ్రమ్ములో పడిన సన్నటి గీతలను ఉప్పు కాగితంతో రుద్దాడు, చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది, ఎందుకు అనేది మాత్రం అట్లాగే ఉండిపోయింది.

అమ్మా, ఒక్క రౌండు, సర్కిల్ దాకా, శబ్దం వస్తే నేనే బస్సెక్కిస్తా, అని బతిమాలితే రామలక్ష్మమ్మ ఎక్కింది, ఎప్పటిలా చేమంతి మాల తెచ్చి స్టీరింగు వెనక మీటరు మీదున్న చిన్న గణపతికి వేసింది, ఎప్పటిలా చెంగు ఒళ్ళోంచి పక్కకు పరుచుకుని చేతులు దాని కింద దాచుకుంది, దేవుణ్ణి తలుచుకుంటుందని అతను ఎప్పుడూ అటు చూడడు, కారు కదిలింది, గరగర లేదు, ఎంత నిశ్శబ్దమంటే మాలలోంచి ఒక రేకు రాలినా వినబడేట్టుంది, లారీ ఒకటి ఎదురొచ్చింది, కటక్, ఏమిటది, గుంత వచ్చింది, కటక్, పక్కనుంచే, ఇన్నాళ్ళూ గరగర కింద మునిగిపోయిన చిన్న చప్పుడు, కారు వెనక్కి ఎవరో పట్టి లాగినట్టు బరువెక్కింది, అతను మాల పక్కకు జరిపాడు, పూల వెనక మీటరులో బ్రేకు ఎర్రదీపం వెలుగుతోంది, చెంగు జరిపాడు, హ్యాండ్ బ్రేకు మీద అమ్మ చెయ్యి, వేళ్ళ కణుపులు తెల్లబడేంత పట్టు.

ఆ దినం పట్టుకోడానికి ఏమీ లేదప్పా, అంది అమ్మ, తప్పు చేసిన పిల్లలా కాదు, ఉన్న మాట చెబుతున్నట్టు, మీ నాయన తొక్కుతాండాడు, తొక్కుతాండాడు, నా చేతిలో ఏమీ లేదు, నువ్వు నిలిపినప్పుడల్లా దీన్ని ఎత్తుతావు గదా, ఇది పట్టుకుంటే నిలుస్తాదని, మరి చెప్పుండొచ్చు గదమ్మా, అన్నాడు, చదువుకున్నోడివి, నీకు చెప్పేది ఏముండాది, అంది, శబ్దానికి భయపడి పట్టుకుంది, పట్టుకున్నందుకే శబ్దం వచ్చింది, శబ్దం వచ్చిందని ఇంకా గట్టిగా పట్టుకుంది, తన పక్కన కూర్చుని ఇంతకాలం అమ్మ ఆ టెంపోను ఆపుతూనే ఉంది.

అతను కడ్డీ కిందికి దించి ఆమె చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టి, నిలుపు అను, నేను కాలితో నిలుపుతా, ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లంటే అన్నిసార్లు, అన్నాడు, అట్లాగే ఆసుపత్రికి బయలుదేరారు, పేరేసంద్ర దాటక ముందే దారి ఒట్టి తిన్నగా, ఖాళీగా ఉన్నచోట, నిలుపప్పా, అంది, అతను పక్కకు తీసి నిలిపాడు, చప్పుడు లేదు, ఆమె సగం కన్నుతో రోడ్డు వైపు చూసి, మెల్లగా, నిలిచిందే, అంది, అది తనతో అన్న మాట కాదని, నాయనతో అన్నదని నందీశ్‌కు తెలిసింది. మీ బండిలో ఎవరైనా మాట్లాడకుండా చేతులు దాచుకుని కూర్చుంటే, కుదురుగా ఉన్నారనుకునే ముందు, రామలక్ష్మమ్మను ఒకసారి తలుచుకోండి.