బండి ఎవరి నంబరు మీదుంది

మా ఇంట్లో ఫోన్ నంబరంటే మామయ్య నంబరే. గ్యాసుకి అదే, బ్యాంకుకి అదే, మా పాప బడికి అదే, చివరికి నేను పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ఆస్పత్రి చీటీ మీద అదే. ఎవరు నంబరడిగినా ఇంటిల్లిపాదీ గడగడా దాన్నే అప్పజెప్పేస్తాం. మా మామయ్య సాంబశివరావు ఒకప్పుడు సర్పంచ్. నరసరావుపేట చుట్టుపక్కల మా ఊళ్ళలో పెద్దాయన నంబరివ్వడం ఒక మర్యాద. కోడలు తన నంబరిచ్చిందంటే వేరు కాపురం పెడుతుందేమోనని నలుగురూ చెవులు కొరుక్కుంటారు.

అందుకే రెండేళ్ళ కిందట నా జీతంతో కరెంటు స్కూటర్ కొన్నప్పుడు కూడా, షోరూమ్‌లో నంబరడగ్గానే మామయ్యే గొంతు సవరించుకుని చెప్పాడు. బండి నా పేరున, నంబరు ఆయనది. అందులో వింత ఏముందో నాకే కాదు, మా ఊళ్ళో ఎవరికీ తట్టదు.

పదవి పోయినా మామయ్యకి పింఛన్ల కోసం, సిమెంటు రోడ్ల కోసం ఫోన్లు ఆగలేదు. విసుగెత్తి పోయినేడు సిమ్ము పీకి సాగర్ కాలవలోకి విసిరేశాడు. కొత్త నంబరు తీసుకుని కావలసిన వాళ్ళందరికీ ఇచ్చాడు. గ్యాసువాళ్ళు, బడివాళ్ళు, బండి కంపెనీవాళ్ళు కావలసిన వాళ్ళలో లేరు. వాళ్ళకి కూడా చెప్పాలి కదా నాన్నా అని మా ఆయన నవీన్ నసిగితే, "మనిషిని నేనే గదరా, మారింది సిమ్మే గదా. వాళ్ళకి తెలీదా ఏంది?" అన్నాడు.

నేను పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. తెల్లారగానే షుగరున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళు కాఫీ తాగకముందే రక్తం తీసుకురావాలి. మా ఊరికి మొదటి బస్సు వచ్చేసరికి వాళ్ళు టిఫిన్లు కూడా చేసేస్తారు. కాబట్టి బండి ఉంటేనే ఉద్యోగం. పెళ్ళయిన ఇన్నేళ్ళకి, ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని అడిగించుకోకుండా గడప దాటుతున్నది ఆ ఉద్యోగం పేరు చెప్పుకునే. జీతం సంగతి తర్వాత.

ఆ సోమవారం బండి కదల్లేదు. చార్జింగ్ నిండుగా ఉంది. తాళం తిప్పితే తెర వెలిగి, యజమాని ఎవరో నిర్ధారించమంది. ఫోన్‌లో యాప్ తెరిస్తే దాని పేరు వేరే, రంగు వేరే. బండి కంపెనీని ఇంకో కంపెనీ కొనేసిందట, పాత యాప్ మూసేశారట, కొత్తదాంట్లో చేరితేనే బండి కదులుతుందట. ఓటీపీ పంపామని కూడా చెప్పింది. ఎవరికి పంపారో మరి, నా ఫోన్ కుయ్‌మనలేదు. పెట్రోలు అయిపోతే పోయించుకోవచ్చు, గాలి పోతే కొట్టించుకోవచ్చు. రోజూ తుడిచి, కవరు కప్పి పడుకోబెట్టే బండి పొద్దున్నే లేచి నువ్వెవరని అడిగితే మనిషి ఏం చెయ్యాలి? నాకు ఒళ్ళు మండిపోయింది.

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మా మేనేజరు పూర్ణిమ మేడమ్ చెడ్డది కాదు గానీ మొహమాటం లేని మనిషి. "ఇవాళంటే ఎట్టాగో సర్దుతా సుకన్యా. రేపు కూడా రాకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటా. ముసలాళ్ళు ఖాళీ కడుపుల్తో కూర్చోనుంటారు, వాళ్ళకేం చెప్పమంటావ్?" అంది.

ట్రాలీ ఆటోలో బండెక్కించి పేటకి బయల్దేరాను. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేనొస్తే గాని షోరూమ్‌వాళ్ళు కదలరన్నాడు.

షోరూమ్ ఉన్న చోటే ఉంది. బోర్డు మాత్రం లేదు. లోపల బళ్ళు నిలబెట్టిన చోట వాషింగ్ మిషన్లు, ఏసీలు నిలబడి ఉన్నాయి. నేను వేరే షాపులో దూరానేమోనని బయటికొచ్చి, అటు చూసి ఇటు చూసి, మళ్ళీ లోపలికెళ్ళాను. తెలిసిన మొహం ఒక్కటే కనపడింది. ఐజాజ్. అప్పట్లో ఇక్కడ బళ్ళు సర్వీసు చేసేవాడు.

"ఇప్పుడు ఏసీలు బిగిస్తన్నానక్కా," అన్నాడు. "కొత్త కంపెనీవాళ్ళు మా ఓనరుకి డీలర్‌షిప్ తీసేశారు. వాళ్ళ షోరూమ్ గుంటూర్లో పెడతారంట, విజయవాడలో పెడతారంట. రోజుకోటి చెప్తన్నారు."

"మాజీ సర్పంచ్ సాంబశివరావొచ్చాడని మీ ఓనరుకి చెప్పు," అన్నాడు మామయ్య.

"చెప్తా బాబాయ్. ఆయనకీ ఏం తెలీదు," అని ఐజాజ్ తన ఫోన్‌లో ఆ కొత్త యాప్ తెరిచి, బండి నంబరు కొట్టి, ఓటీపీ ఎటు పోయిందో చూపించాడు. చివరి అంకెలు చూడగానే గుర్తుపట్టాను.

"అది కాలవలో ఉందిగా," అన్నాడు మామయ్య.

"కాలవలో ఉంది సిమ్ము బాబాయ్. వాడకపోతే నంబరు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. చేసి చూడక్కా."

స్పీకర్ పెట్టి చేశాను. రెండు రింగులకే ఒక ఆడమనిషి ఎత్తింది.

"ఎవలు?"

"అమ్మా, నా పేరు సుకన్య. మీ ఫోన్‌కి ఒక ఓటీపీ..."

"సుకన్యవా! మీ పిల్లకు జెరం తగ్గిందా? జెరంతోటి శుక్రారం బడికి రాలేదని మెసేజ్ వచ్చింది."

మా పేర్లతో సహా మా ఇంటి మెసేజ్‌లన్నీ ఆమెకే పోతున్నాయట. ఆమె పేరు సైదమ్మట. కృష్ణకి అవతల, మిర్యాలగూడ దగ్గర ఉంటుందట. మా గ్యాసు బండ ఎప్పుడొచ్చిందో ఆమెకి తెలుసు. మా పాపకి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో తెలుసు. "మీ పెద్దాయనకు షుగర్ మస్తున్నదట. అన్నం తగ్గియ్యమను," అని కూడా చెప్పింది. మామయ్య మొహం చూడాలి. నాకు నవ్వాలో భయపడాలో అర్థం కాలేదు.

"పొద్దుగాల నుంచి నాలుగు నంబర్లొచ్చినయ్. ఏది గావాలె నీకు?" అంది సైదమ్మ.

"చివరిదమ్మా. బండి కోసం."

"బండి నీదేనా?"

"నాదే."

"మరి నాకెందుకొస్తున్నయ్ బిడ్డా?"

"ఇంతకుముందు అది మా మామయ్య నంబరు."

"గాయనకైనా ఎందుకు రావాలె? బండి నీదంటివి గద."

ఏమో అమ్మా, అలవాటు అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. ఆమె ఇంకేమీ అడక్కుండా అంకెలు చదివింది. ఐజాజ్ కొట్టాడు. యాప్ ఒప్పుకుంది. ఇకమీదట ఏ నంబరు వాడాలో చెప్పమంది.

"రాసుకో, తొమ్మిది..." అన్నాడు మామయ్య.

"తొమ్మిది..." అన్నాను నేను కూడా. నేనూ గొంతు పెంచాను, ఆయనా పెంచాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఐజాజ్ మొహం చూస్తూ, పది అంకెలూ ఆపకుండా చెప్పేశాం. పాపం ఐజాజ్ ఇటు విని అటు విని కొట్టుకుంటూ పోయాడు.

ఓటీపీ పంపామని వచ్చింది. నా ఫోన్ మోగలేదు. మామయ్య ఫోనూ మోగలేదు.

"ఎవరికి పోయింది?" అన్నాను.

"సగం నీది, సగం ఆయనది కొట్టినట్టున్నానక్కా," అన్నాడు ఐజాజ్ చెమట తుడుచుకుంటూ. "ఎవరికి పోయిందో అల్లాకే తెలియాల. అరగంట ఆగి మళ్ళీ కొట్టమంటంది."

డబ్బాల్లో ఉన్న రెండు ఏసీల మీద ఎదురుబొదురుగా కూర్చున్నాం. నాకు ఏడుపొస్తోంది. రేపు పొద్దున నా స్థానంలో ఇంకో అమ్మాయి వెళుతుంది.

"నేను చెప్తా ఉంటే నువ్వెందుకు మధ్యలో?" అన్నాడు మామయ్య.

"బండి నాది మామయ్యా."

"కాదన్నానా? ఇంటికో నంబరుండాల గదమ్మా. తలా ఒకటి ఇచ్చుకుంటా పోతే ఇంకిల్లేంది?"

కోపంతో అడిగి ఉంటే నేనూ కోపంతోనే చెప్పేదాన్ని. ఆయన నిజంగానే తెలియక అడిగాడు. ఊళ్ళో సగం గొడవలు తీర్చిన మనిషి వాషింగ్ మిషన్ల మధ్య కూర్చుని బిక్కమొహం వేసుకుని చూస్తుంటే జాలేసింది. జాలేసినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

చివరికి ఆయనే లేచాడు. "సరే, నీదే కొట్టిద్దాం. నేను చూసి చదువుతా, తప్పు పోకుండా," అని కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో వెతికాడు. సుకన్య అని చూశాడు, లేదు. కోడలు అని చూశాడు, లేదు. ఉండండి, నేను చేస్తాను అని ఆయన ఫోన్‌కి రింగిచ్చాను. తెర మీద పేరు పడింది. 'నవీన్ ఇంకోటి' అని ఉంది.

ఐజాజ్ కూడా చూశాడు. చూసి, ఏసీ రిమోట్లు సర్దడం మొదలుపెట్టాడు.

"ఇది నీదా?" అన్నాడు మామయ్య. "నవీన్ గాడి రెండో సిమ్మనుకున్నా. నువ్వెత్తినప్పుడల్లా వాడు స్నానానికి పోయుంటాడులే అనుకునేవాణ్ణి."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అదే బాధ. ఇన్నేళ్ళూ మందులేసుకున్నారా అని నేను ఫోన్ చేస్తే ఆయన నా ఫోన్ అనుకోలేదన్నమాట.

అరగంటయ్యాక ఐజాజ్ పక్కకెళ్ళి నిలబడి నా నంబరు నేనే చెప్పాను. ఒక్కో అంకె, నిదానంగా. చివరి అంకె కొట్టాడో లేదో నా చేతిలో ఫోన్ కుయ్‌మంది.

"పడిందా? ఎంత? చెప్పమ్మా, నేను కొట్టిస్తా," అని మామయ్య తొంగి చూడబోయాడు.

"ఎవరికీ చెప్పొద్దని రాసుంది మామయ్యా," అని ఐజాజ్ చేతిలో ఫోన్ తీసుకుని నేనే కొట్టాను.