ఇంటిదారి తెలిసిన వంకాయలు

సాయంత్రం గేదెల్ని కట్టేసే వేళకి, అమ్ముడుపోని వంకాయలు ఇంటికొచ్చేవి.

ధర పడిపోయిన రోజున దళారి వాటిని మార్కెట్టు వెనక గోడ పక్కన పారబోయించేవాడు. పశువులు తిన్నవి తినగా, చక్రాల కింద నలిగినవి నలగగా, మిగిలినవి ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ, రోడ్డు దాటి, కాలవగట్టు పట్టుకుని, పండించినవాడి గుమ్మం చేరేవి. లారీవాళ్ళు కూడా వాటిని చూసి ఆగి దారిచ్చేవాళ్ళు.

"పొట్టాయనా, నీ సరుకొస్తోంది. గేటు తియ్యి!" అని పొరుగువాడు కేకేసేవాడు.

పొట్టాయన గేటు తీసి, చీపురుతో వాటన్నిటినీ గోతిలోకి నెట్టేవాడు. ఒక్కటి కూడా వంటింటి గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఇంటి తిండికి పెరట్లో నాలుగు సాళ్ళు వేరే ఉన్నాయి. వాటికి పేడ ఎరువు తప్ప ఇంకేమీ తగలనివ్వడు. రోడ్డు పక్క పొలానికి మాత్రం ఇవాళ మందు కొట్టి రేపు కోసేవాడు. "అది మార్కెట్టుది, ఇది మనది" అనేవాడు. చుట్టుపక్కల అందరూ చేసే పనే కాబట్టి అందులో తప్పుందని ఏనాడూ అనుకోలేదు.

ఒకరోజు పట్నం నుంచి అక్క వచ్చింది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకు పెంచిన మనిషి. నాలుగు రోజులు ఉండి పోదామని సంచీ సర్దుకుని వచ్చింది. ఆ సాయంత్రమే వంకాయలు గేటు దగ్గరికి దొర్లుకొచ్చాయి.

"అయ్యో, ఎంత దూరం నడిచాయిరా పాపం!" అని అక్క వాటిని ఒళ్ళో వేసుకుని కొంగుతో దుమ్ము తుడిచింది. "అమ్మాయ్, కత్తిపీట ఇలా పట్రా."

పొట్టాయన భార్య మొగుడి మొహం చూసింది. "అవెందుకులే వదినా. పెరట్లో లేతవున్నాయి, కోసుకొస్తా."

"ఇంటికొచ్చినవి పారేసి కొత్తవి కోస్తారా? కళ్ళు నెత్తికెక్కాయిటే?"

"దుమ్ము పట్టాయక్కా" అన్నాడు పొట్టాయన.

"కడిగితే పోదూ?"

"కడిగితే పోదక్కా." నోరు జారాక నాలిక కరుచుకున్నాడు.

అక్క పెరటి వైపు చూసింది. అక్కడ ఆకులు జల్లెడలా ఉన్నాయి, కాయల మీద పురుగు గాట్లున్నాయి. ఒళ్ళో కాయలు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి.

"పురుగు కూడా ముట్టలేదేంట్రా వీటిని?"

అతను చీపురు అందుకోబోయాడు.

"పట్నం బజార్లో నీ గోనె ఏదో అడిగి మరీ కొనుక్కునేదాన్ని. మా మనవడికి పళ్ళు రాగానే నీ కాయే మెత్తగా ఉడికించి పెట్టాను. మీ తాత పండించింది, తినరా అని."

"అందరూ అంతే చేస్తారక్కా. మందు లేకపోతే పంట చేతికి రాదు."

"అందరి సంగతి నేనడిగానా? నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్తే నువ్వు నలుగురికీ చెప్తావని..."

అక్క లేచింది. "నా కంచంలోది తీసి నీకు పెట్టి పెంచాను. నీ కంచం వేరు, నా కంచం వేరని ఇవాళ తెలిసింది."

మంచినీళ్ళు కూడా ముట్టకుండా సంచీ తీసుకుని నడిచింది. వంకాయలు వెనక్కి తిరిగి ఆమె వెంటపడ్డాయి. పెరట్లోవి కూడా తొడిమలు తెంపుకుని, దూడల్లా పరుగెత్తాయి. పొట్టాయన గేటు మూశాడు. అవి గేటు కింద నుంచి దూరి వెళ్ళిపోయాయి.

"ఇవన్నీ మీవేనామ్మా?" అని బస్సు కండక్టరు అడిగాడు.

"నావే" అంది అక్క, తమ్ముడి ఇంటి వైపు చూడకుండా.

ఆ తర్వాత పెరటి సాళ్ళు పూత బాగానే పూశాయి. కాయ బొటనవేలంత అయిందో లేదో, తెంపుకుని పట్నం దారి పట్టేది. మార్కెట్టులో పారబోసినవీ ఇటు రావడం మానేసి అక్క ఇంటికే పోయేవి. ఆమె పెరటివి వండుకుని, పొలంవి గొయ్యి తీసి పాతిపెడుతోందని పొరుగువాడు చెప్పాడు. పొట్టాయన గేటు బార్లా తీసి ఉంచినా, ఒక్క కాయా లోపలికి రాలేదు.

చివరికి ఒకరోజు అతనే సంచీ పట్టుకుని మార్కెట్టుకెళ్ళాడు, కొనడానికి.

"ఇవెవరి పొలంవి?"

"ఎవరివైతే ఏంటి బాబాయ్? నిగనిగలాడుతున్నాయి చూడు. ఒక్క పుచ్చు చూపించు, ఊరికే ఇచ్చేస్తా!"

పొట్టాయన ఒక్కొక్క కాయా తిప్పి తిప్పి చూశాడు. వెనక జనం గొణుగుతున్నా చూస్తూనే ఉన్నాడు. ఎక్కడా ఒక్క పుచ్చు కనపడలేదు.

"తూచు" అన్నాడు.