మేస్త్రి చెరపని గీత

విమానాశ్రయంలో అందరూ ఆయన్ని గీతల మేస్త్రి అంటారు. రన్‌వేకి వెళ్లే దారుల మీద ఉన్న పసుపు గీతలన్నీ ముప్పై ఏళ్లుగా ఆయన చేతి చలవే. కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, తన గీతలంటే ఆయనకి మహా ముద్దు. అయితే ఈ కాకి పిల్లలు నిజంగానే అందంగా ఉంటాయి, అది వేరే సంగతి.

ఆయన కూతురు అక్కడే ఇంజనీరు. విమానాలు రన్‌వేని మధ్యలో అడ్డంగా దాటే పాత దారిని మూయించి, చివరినుంచి చుట్టు తిరిగి వెళ్లే కొత్త దారి వేయించింది. ఒకటి దాటుతుండగా ఇంకొకటి దిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. కానీ పెద్దాఫీసులో సగం మందికి ఆ చుట్టుతిరుగుడు గిట్టలేదు. మంగళవారం ఖాళీ విమానంతో పరీక్ష. అందులో ఏ తేడా వచ్చినా ఆమె రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

పాత దారి గీతను మిషన్‌తో చెక్కించమని ఆమె రాసిచ్చింది. ఆ గీత మేస్త్రికి ప్రాణం. ఒంపు తిరిగే చోట తాడు పట్టకుండా ఒక్క ఊపులో వేసింది. చెక్కడానికి చేతులు రాలేదు. పైన నల్లరంగు రెండు పూతలు పూసి, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడనుకుని ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు.

మంగళవారం పొద్దున్నే వాన పడి వెలిసింది. పరీక్ష విమానం నడిపే కెప్టెనమ్మ ముచ్చటపడి మేస్త్రిని కాక్‌పిట్‌లో వెనక సీట్లో కూర్చోబెట్టుకుంది. తన గీతల్ని అంత ఎత్తునుంచి చూడటం ఆయనకి అదే మొదటిసారి. కొత్త పెళ్లికొడుకులా ముసిముసిగా నవ్వుకున్నాడు.

మలుపు దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది. తడి నేల మీద ఏటవాలు ఎండ పడి, నల్లరంగు పూసిన చోటు తళతళ మెరుస్తోంది. చెరిపేశాననుకున్న గీత కొత్త గీతకన్నా ఠీవిగా కనబడుతోంది. కెప్టెనమ్మ దాని వెంటే విమానాన్ని తిప్పింది. ఆయన నోరు తెరిచేలోపే, ముందున్న పరికరం రన్‌వే దగ్గరపడుతోందని గొంతెత్తి హెచ్చరించింది. ఆమె బ్రేకు వేసింది. విమానం రన్‌వేకి బాగా ఇవతలే ఆగింది.

వెంటనే రేడియోలో పెద్దాఫీసు వాళ్లు అందుకున్నారు. కొత్త దారి పైలట్లని తికమక పెడుతుందని తాము ముందే చెప్పామన్నారు. కింద ఉన్న కూతురు ఒక్కసారి మలుపు చూసొస్తానని బతిమాలుతోంది. మేస్త్రి కెప్టెనమ్మని అడిగి మైకు తీసుకున్నాడు.

"దారిలో తప్పు లేదండి. చెక్కమన్న గీతని నేను చెక్కలేదు. రంగేసి కప్పెట్టాను. తప్పు నాది."

పరీక్ష మధ్యాహ్నానికి వాయిదా పడింది.

దిగేసరికి కూతురు ఎదురుగా నిలబడి ఉంది. ఆయన చీవాట్లకి సిద్ధపడి తలొంచుకున్నాడు.

"నీ గీత కనబడితే పైలట్లు ఇంకేమీ ఆలోచించరు నాన్నా," అందామె. "ఇవాళా ఆలోచించలేదు. అంత నమ్ముతారు కాబట్టే అది అక్కడ ఉండకూడదు."

ఇంత పొగడ్త, ఇంత చెంపదెబ్బ ఒక్క మాటలో ఆయన ఎన్నడూ తినలేదు. నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. పనివాళ్లని పక్కకి జరగమని, చెక్కే మిషన్ తనే పట్టుకున్నాడు. పనయ్యాక ఫైరింజన్‌తో నీళ్లు కొట్టించి, నేలమీద బోర్లా పడుకుని మరీ చూశాడు. గీత జాడ లేదు.

"ఇప్పుడు పిలువమ్మా విమానాన్ని," అన్నాడు కూతురితో.

విమానం తడి నేల మీద మలుపు దాకా వచ్చి, ఆయనే వేసిన కొత్త గీత వెంట చుట్టుదారి పట్టింది. కెప్టెనమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.