నోటినిండా నీళ్లు

కూర్చుని బాస్కెట్‌బాల్ చూడటం నావల్ల కాదు. హాల్లో మా ఆయన తన పక్క కుర్చీ నాకోసం అట్టేపెడతారు. అందులో నా సంచి కూర్చుంటుంది. నేను మెట్ల దగ్గర కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటాను. ఈ ఏడాది మరీ ఎక్కువైంది, ఎందుకంటే మా పిల్ల ఆడే కాలేజీ జట్టు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయింది. ఒకటీ అరా కాదు, ప్రతిదీ. మొదట్లో చుట్టాలు ఫోన్ చేసి "గెలిచారా?" అని అడిగేవాళ్లు. కొన్నాళ్లకి "ఎంతలో పోయింది?" అనడం మొదలుపెట్టారు. ఇప్పుడసలు ఆ ఊసే ఎత్తరు. టమాటా ధర అడిగి ఫోన్ పెట్టేస్తారు.

తప్పు ఎవరిదంటే ఎవరిదని చెప్పను? పోయినేడు ఆడిన పెద్ద పిల్లలంతా చదువులైపోయి వెళ్లిపోయారు. పాత కోచ్ ఇంకో కాలేజీకి చెక్కేశాడు. మిగిలింది మా పిట్ట ఒక్కతే. పిట్ట అంటే మా అమ్మాయే. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, ఇప్పటికీ జట్టులో అందరికంటే పొట్టిది. దాని చుట్టూ మొదటి సంవత్సరం పిల్లల్ని చేర్చి కొత్త కోచ్ జట్టు కడుతోంది. ఈవిడ ముప్పై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటుంది. నేను కోచమ్మ అంటాను. "ఈ ఏడాది పునాదులండీ, గోడలు వచ్చే ఏడాది" అని అడిగినవాళ్లందరికీ చెబుతుంది. పునాది అంటే ముందు గొయ్యే కదా. మేమింకా ఆ గోతిలోనే ఉన్నాం.

నా సంగతీ చెప్పాలి. కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం వేయడం నా పని. తెల్లారేసరికి లారీలు సరుకు దింపుతాయి. నేను క్యాబేజీ బస్తాలెక్కి గొంతెత్తుతాను. ఒకసారి మైకు ఇస్తామన్నారు. దాన్నేం చేసుకోను? నేను "ఒకటోసారి" అంటే షెడ్డు అవతల టీ తాగుతున్నవాడు గ్లాసు అక్కడే పెట్టి పరిగెత్తుకొస్తాడు. ఈ గొంతుతోనే ఇల్లు నడిచింది, పిల్ల చదివింది. మా ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తారు. రోజంతా ఆయన మాట్లాడే మాటలు నాకు ఒక్క బస్తాకి సరిపోవు.

పిట్ట ఆట నేర్చుకున్నదీ మా మార్కెట్లోనే. గోదాము గోడకి ఎవరో ఒక ఇనుప రింగు బిగించి వదిలేశారు. బడి లేని రోజుల్లో పిట్టని అక్కడ దింపి నేను వేలం వేసుకునేదాన్ని. ఒక సరుకు అయ్యి ఇంకో సరుకు వచ్చే సందులో అటు తిరిగి "వెయ్యి!" అని ఒక్క కేక పెట్టేదాన్ని. అది వేసేది. బంతి పడితే హమాలీలు ఈల వేసేవాళ్లు.

కాలేజీ హాల్లోనూ అదే కేక. మార్కెట్ నుంచి సరాసరి ఉల్లిపాయల వాసనతో వస్తాను. బంతి పిట్ట చేతికి రాగానే "వెయ్యవే!" అంటాను. అది వేస్తుంది. పోయినేడు పడేవి కూడా. అప్పుడు పెద్ద పిల్లలు అడ్డం నిలబడి దానికి దారి చేసేవాళ్లు. ఈ ఏడాది అవతలి జట్టువాళ్లు ముగ్గురేసి దానిమీద పడుతున్నారు. అయినా నేను అరవడం మానలేదు, అది వేయడం మానలేదు. బంతి మాత్రం రింగుకి తగిలి ఎటో పోతోంది.

ఒక రోజు గెలుపు గుమ్మందాకా వచ్చింది. ఆట ముగియబోతోంది, మేం ఒక్క పాయింటు వెనకున్నాం. కోచమ్మ ఆట ఆపించి, పిల్లల్ని చుట్టూ చేర్చి, పలకమీద గీతలు గీసింది. వాళ్లలో బాగా పొడుగుపిల్ల ఒకతి ఉంది. అందరూ నిచ్చెన అంటారు. ప్రతి గుమ్మంలోనూ తల వంచుకుని నడుస్తుంది పాపం. బంతి ఆ నిచ్చెనకి అందించాలని చెబుతున్నట్టు పైన నిలబడ్డ నాకే తెలిసిపోయింది. పిట్ట తల ఊపింది. మళ్లీ ఆట మొదలైంది. పిట్ట బంతి కొట్టుకుంటూ ముందుకొచ్చింది. ఇద్దరు దానిమీదికొచ్చారు. రింగు కింద నిచ్చెన ఒంటరిగా చేతులు చాపి నిలబడింది.

"వెయ్యవే!"

నా నోరే. అనాలనుకుని అనలేదు, వచ్చేసింది. పిట్ట చెయ్యి లేచిపోయింది. బంతి రింగుని కూడా తాకలేదు. గంట మోగాక కూడా నిచ్చెన చేతులు అలా చాపే ఉన్నాయి.

బయట బూట్ల అరల దగ్గర కోచమ్మ నన్ను పట్టుకుంది.

"ఆంటీ, ఒక్క నిమిషం."

ముప్పై దాటిన మనిషి నన్ను ఆంటీ అంది. అక్కడే సగం మండింది.

"మీరు అరవడం ఆపాలి ఆంటీ."

"ఎందుకాపాలి? ఈ హాల్లో మన పిల్లల వైపు నోరు తెరిచేది నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా పరామర్శకి వచ్చినట్టు కూర్చుంటారు."

"చప్పట్లు కొట్టండి, పేర్లు పెట్టి పిలవండి, ఎంతైనా అరవండి. కానీ మీరు ఆట చెబుతున్నారు. ఆట నేను చెప్పాలి. మీ అమ్మాయి కాళ్లు నా దగ్గరున్నాయి, చెవులు మీ దగ్గరున్నాయి." కాస్త తటపటాయించి, గొంతు తగ్గించి అంది. "ఇంకోసారి ఇలా జరిగితే తనని బెంచీమీద కూర్చోబెడతాను. ఈ సీజన్ అయ్యేదాకా. నాకూ ఇష్టం లేదు, కానీ తప్పదు."

"కూర్చోబెట్టి చూడండి! జట్టు మొత్తంలో ఆట వచ్చింది దానొక్కదానికే!"

"అందుకే ఆంటీ. మిగతా పిల్లలకి ఎప్పుడొస్తుంది మరి?"

నేను ఇంకా చాలా అనేదాన్ని. మా ఆయన వచ్చి నా సంచి నా చేతిలో పెట్టారు. ఆయన వాదించడం అంటే అదే.

ఇంటికొచ్చి వంటింట్లో గిన్నెలు మోగించాను. పిట్ట మోకాలికి ఐసు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది.

"విన్నావా మీ కోచమ్మ మాటలు? నేను అరవబట్టే ఓడిపోతున్నారట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!"

పిట్ట నా వైపు ఒక్క మాట అంటుందని చూశాను. అది ఐసు సంచి ఈ మోకాలి మీంచి ఆ మోకాలికి మార్చుకుంది.

"నిజమేనమ్మా," అంది.

"ఏది నిజం?"

"నీ గొంతు వినపడితే నా చెయ్యి లేచిపోతుంది. నేను లేపను, అదే లేస్తుంది. నిచ్చెన కనపడింది నాకు. దానికే ఇవ్వాలనుకున్నా. ఇంతలో నువ్వు..." దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఓడిపోతే ఓడిపోతాంలే. కానీ బెంచీమీద కూర్చోలేనమ్మా. నీ కూతుర్నేగా, కూర్చోవడం నాకెక్కడ వస్తుంది?"

"అంటే నన్ను రావద్దంటావు."

"నేనలా అన్లేదు."

"సరే. రాను."

కోపంతో అన్న మాట వెళ్లి వెళ్లి నాకే గుచ్చుకుంది. నాకు ఆట రాదు, దాని చదువు నాకు అర్థం కాదు. దానికి నేనివ్వగలిగింది ఈ గొంతొక్కటే. అదీ వద్దంటే ఆ పిల్ల ఆటలో నాకిక చోటెక్కడ? మర్నాడు మార్కెట్లో ఈ ఆలోచనతోనే బస్తాలెక్కి, ఒకటోసారి తర్వాత మూడోసారి అనేశాను. కొనేవాళ్లు గొల్లున నవ్వారు. "అమ్మగారికి ఇవాళ తొందర!" అన్నాడొకడు. వాడికి ఆ రోజంతా మంచి సరుకు దక్కకుండా చూద్దామనిపించింది గానీ, ఊరుకున్నాను.

తర్వాతి ఆటకి వెళ్లలేదు. ఇంట్లో ఉన్నానన్న మాటేగానీ ఉండలేకపోయాను. అలమార సర్దాను. సర్దినదంతా తీసి మళ్లీ సర్దాను. వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చాను. పక్కింటావిడ "ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగింది. ఏమీ లేదని విసుక్కున్నాను. గొంతులో ఒకటే దురద. ఆఖరికి కిటికీ తెరిచి, ఎవరూ లేని వీధిలోకి "వెయ్యవే!" అని అరిచాను. గోడవార పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం తండ్రీ కూతుళ్లు తిరిగొచ్చారు. ఓడిపోయారు, మామూలే.

"నిచ్చెనకి ఇచ్చావా బంతి?" అన్నాను ముందుగా.

"ఇచ్చాను. అది వెయ్యదమ్మా. దానికి భయం. చేతిలో పట్టుకుని దిక్కులు చూసి, మళ్లీ నాకే ఇచ్చేస్తుంది." పిట్ట వంగి బూటు లేసు విప్పుకుంటూ, నా మొహం చూడకుండా అంది. "నేనూ దిక్కులే చూశాలే. నువ్వొచ్చావేమోనని ఊరికే గుమ్మంవైపు చూడటం. అలా చూసి రెండుసార్లు బంతి పోగొట్టాను."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ముందొచ్చింది.

"రమ్మంటావా, వద్దంటావా? ఏదో ఒకటి చెప్పి చావు!"

"రా. కానీ అరవకు."

"నా నోట్లో నువ్వుగింజ నానదని తెలీదూ నీకు?"

అప్పుడు మా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, ఆ వారానికి సరిపడా మాట్లాడేశారు. "అయితే నోట్లో నీళ్లు పోసుకో. ఆట నడిచినంతసేపూ మింగకు."

పిట్ట పకపకా నవ్వింది. చాలాసేపు నవ్వి, ఆపి, "నిజంగానే పోసుకో అమ్మా," అంది.

సీజన్లో ఆఖరి ఆట మా కాలేజీ హాల్లోనే. మా ఆయన పెద్ద సీసాతో నీళ్లు తెచ్చారు. ఆట నడుస్తున్నంతసేపూ నోటినిండా నీళ్లు. విజిల్ పడగానే మింగడం, మళ్లీ నింపుకోవడం. అవతలి జట్టు పిల్ల తల్లి ఒకావిడ నా బుగ్గలు చూసి "పన్ను నొప్పా అండీ?" అని జాలిగా అడిగింది. అవునన్నట్టు తల ఊపాను, ఇంకేం చెయ్యను? పిట్ట కూడా ఒకసారి పైకి చూసింది. నన్ను చూసి, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుని తిరిగిపోయింది. ఆ తర్వాత మళ్లీ మావైపు చూడలేదు.

నా అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. బంతి పిట్ట చేతికొచ్చిన ప్రతిసారీ మాట గొంతుదాకా వచ్చి, నీళ్లకి తగిలి వెనక్కి పోయేది. కాళ్లు ఊరుకుంటాయా? మెట్లెక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. సీసా ఖాళీ అయితే మా ఆయన వెళ్లి నింపుకొచ్చారు. కింద పిట్ట అందరికీ బంతి అందిస్తోంది. మూలనున్న పిల్లకి, వెనకున్న పిల్లకి, నిచ్చెనకి. కొత్తపిల్లలు కొన్ని వేశారు, కొన్ని పోగొట్టారు. నిచ్చెన మాత్రం వేడిగిన్నె పట్టుకున్నట్టు బంతి పట్టుకుని వెంటనే ఇంకొకరికి ఇచ్చేస్తోంది. వెయ్యవే తల్లీ, దేవుడు అంత పొడుగు ఎందుకిచ్చాడే నీకు, అని తిట్టుకున్నాను. తిట్లన్నీ నీళ్లల్లోనే.

ఆట ముగియబోతుండగా మళ్లీ అదే లెక్క. ఒక్క పాయింటు వెనక. కోచమ్మ ఆట ఆపించింది. ఈసారి పలక తీయలేదు. పిట్ట భుజంమీద చెయ్యి వేసి ఏదో చెప్పి, తలెత్తి నావైపు చూసింది. నేను సీసా ఎత్తి చూపించి, బుగ్గలనిండా నీళ్లు పోసుకున్నాను.

పిట్ట బంతి కొట్టుకుంటూ వచ్చింది. ఇద్దరు మీదికొచ్చారు. దాని చెయ్యి లేచింది. కన్నతల్లిని, ఆ భుజం ఎలా కదులుతుందో నాకు తెలుసు. ఇక వేసేస్తుందనుకున్నాను. సగం లేచిన చెయ్యి ఆగింది. పక్కకి తిరిగింది. బంతి ఇద్దరి మధ్యనుంచి నేలకి తగిలి లేచి, నిచ్చెన చేతుల్లో పడింది.

నిచ్చెన పట్టుకుంది. పట్టుకుని దిక్కులు చూసింది.

"వెయ్యవే!"

హాలు దద్దరిల్లింది. కోచమ్మ గిరుక్కున నావైపు తిరిగింది. మా ఆయన కూడా లేచి నిలబడి నావైపే చూశారు. నేను రెండు చేతులతో నా బుగ్గలు చూపించాను. నిండుగా ఉన్నాయి. నేను కాదు.

పిట్ట. ఆ పొట్టిదాని గొంతులోంచి నా గొంతు వచ్చింది. బస్తాలెక్కి అరిస్తే షెడ్డు అవతలికి వినపడే గొంతు. ఇంట్లో ఉప్పు అందుకోమని అడగడానికి కూడా గొణిగే పిల్ల అది. నేనేం నేర్పలేదు. ఎప్పుడు ఎత్తుకుపోయిందో ఏమో!

నిచ్చెన ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటుకే దాని చేతులు లేచిపోయాయి.

బంతి పడటం నేను చూడలేదు. నాకు పొలమారింది. నోట్లో నీళ్లన్నీ అడ్డం తిరిగి, ముక్కులోకి ఎక్కి, కళ్లవెంట కూడా కారాయి. దగ్గుతూ మెట్టుమీద కూలబడిపోయాను. నా తలమీదుగా కేకలు, కుర్చీల చప్పుడు, పరుగులు. పరామర్శకి వచ్చినట్టు కూర్చునేవాళ్లంతా గంతులు వేస్తున్నారు. గెలిచామని వాళ్లనిబట్టే తెలిసింది. మా ఆయన నా పక్కన కూర్చుని, మాడుమీద మెల్లగా తట్టారు.

"ఎవరో గట్టిగానే తలుచుకున్నారు నిన్ను," అన్నారు.