కాయలు గాల్లో ఆగిన చోట

"ఒరేయ్ ఇషాకూ... ఇషాకూ. ఎండ నెత్తి మీదకొచ్చింది, ఇంకెప్పుడు తిప్పుతావురా?"

పున్నమ్మ కల్లం గట్టు మీద నిలబడి కేకేసింది. రోడ్డవతల పురుగుమందు స్ప్రేయర్లు బాగుచేసే కొట్టులోంచి ఇషాక్ తల బయటపెట్టాడు.

"వస్తన్నా మామ్మా. ఈ వాషరొక్కటి బిగించేసి."

"నీ వాషరు ఎక్కడికీ పోదు. నా కాయ తెల్లబడి తాలైపోద్ది."

ఇషాక్ చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చి, కల్లం మూల రేకుల పాకలో ఉన్న తన డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. పెద్ద డ్రమ్ముని కాలితో మెల్లగా తట్టి లయ అందుకున్నాడు. తర్వాత పుల్లతో స్నేరు అనే చిన్న డ్రమ్ము మీద ఒక్కటి కొట్టాడు. అరెకరం మేర పరిచిన మిరపకాయలన్నీ జానెడెత్తు పైకి లేచాయి. గాల్లోనే ఒకసారి పొర్లాయి. రెండో దెబ్బకి అన్నీ కలిసి, పచ్చి వైపు ఎండకి పెట్టి పడుకున్నాయి. తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు ముక్కులకి కట్టుకున్న గుడ్డలు సర్దుకుని మళ్ళీ పనిలో పడ్డారు. అన్నీ ఒకేసారి లేస్తే కాస్త ఘాటు రేగుతుంది మరి.

ప్రత్తిపాడు చుట్టుపక్కల రైతులందరికీ ఇషాక్ పని తెలుసు. కాళ్ళతో తిప్పితే కాయ చిట్లుతుంది, ఇషాక్ తిప్పితే ఒక్క గింజ రాలదు. అందుకని పంట కల్లానికి చేరిందంటే చాలు, "రేపు మా దగ్గరికి రారా" అంటూ కొట్టు ముందు వరసకట్టేవాళ్ళు.

అందరూ కాయల్నే చూసేవాళ్ళు. ఇషాక్‌ని చూసేది తేజశ్రీ ఒక్కతే. పున్నమ్మ మనవరాలు ఆమె. కల్లం ఆ చివరున్న కాయకి చప్పుడు కాస్త ఆలస్యంగా చేరుతుందని, ఆ చివరి కాయ కూడా లేచి పొర్లేదాకా ఇషాక్ రెండో దెబ్బ కొట్టడని ఆమె చిన్నప్పుడే కనిపెట్టింది. పుల్ల ఎత్తి పట్టుకుని అలా ఆగిపోయేవాడు. ఆ కాసేపూ అతని ముఖం దూరంగా ఎవరి రాక కోసమో చూస్తున్నట్టుండేది. ఆ ముఖం కోసమే తేజశ్రీ మధ్యాహ్నాలు కల్లానికి వచ్చేది. కాయ ఏరడానికి వస్తున్నానని చెప్పేది.

ఆ పాకలోనే వాళ్ళ రాక్ బ్యాండు మొదలైంది. తేజశ్రీ పాట, గుంటూరులో వాయిద్యాల కొట్టులో పనిచేసే అనిల్ కుమార్ గిటారు, ఇషాక్ డ్రమ్స్. పేరు 'ఎర్ర కల్లం'. కాలేజీ పండగల్లో, పెదకాకాని తిరునాళ్ళలో వాయించారు. పాట అయ్యాక కుర్రకారు తేజశ్రీ చుట్టూ మూగేవాళ్ళు, అనిల్ కుమార్ భుజం మీద చేతులేసేవాళ్ళు. ఇషాక్‌తో మాత్రం, "అన్నా, కాస్త పక్కకి జరుగుతావా, ఫొటోలో పడతన్నావు" అనేవాళ్ళు. అతను జరిగేవాడు. జరిగి, వాళ్ళ ఫోను తనే తీసుకుని, "నవ్వండమ్మా" అంటూ ఫొటో తీసిపెట్టేవాడు.

"నీకు బాధనిపించదా?" అని ఒకసారి తేజశ్రీ అడిగింది.

"దేనికి?"

"నిన్నెవరూ చూడరుగా."

"చూశారంటే నా పని చెడిందని. ఇంటికి పునాది కనపడితే మంచిదా ఏంది?" అని నవ్వాడు. తర్వాత పుల్లలతో మోకాలి మీద ఏదో కొట్టుకుంటూ, "నువ్వు చూస్తావుగా" అన్నాడు. ఆ మాటని ఆమె చాలా రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

వాళ్ళ సొంత పాట ఒకటుండేది. మధ్యలో గిటారు ఉధృతంగా వచ్చి, ఒక్కసారిగా అన్నీ ఆగిపోతాయి. మూడు లెక్కలు నిశ్శబ్దం. నాలుగో లెక్కకి స్నేరు మీద దెబ్బ, దాంతోపాటే తేజశ్రీ గొంతు. ఆ నిశ్శబ్దం అంటే ఆమెకి భయం, బావిలోకి తొంగిచూసినట్టుండేది. పాకలో అయితే ఇషాక్‌కి ఎదురుగా నిలబడి పాడేది. అతను గడ్డం కొంచెం ఎత్తితే అందుకునేది.

మంగళగిరిలో పోటీ జరిగిన రోజు అతను ఆమె వెనకాల ఉన్నాడు. ముందు వెయ్యిమంది, కళ్ళలో లైట్లు. గిటారు ఆగింది. ఒకటి, రెండు... మూడో లెక్కకే తేజశ్రీ పాట ఎత్తుకుంది.

ఇషాక్ పుల్ల అప్పటికే గాల్లో ఉంది. పడాల్సిన దెబ్బని అతను మింగేశాడు. లయలో ఒక్క అడుగు వెనక్కి వేసి, ఆమె రెండో మాట కిందకి ఆ దెబ్బని తెచ్చి చేర్చాడు. పాట తూలలేదు. వెయ్యిమందిలో ఒక్కరికీ తెలియలేదు.

తెలిసింది హైదరాబాదు నుంచి వచ్చిన జడ్జి ఒక్కడికే, అదీ సగం. బహుమతి ఇచ్చాక వాళ్ళని పక్కకి పిలిచి, "అమ్మాయి గొంతు బంగారం. కానీ డ్రమ్మర్ ఒక దెబ్బ తప్పాడు, విన్నాను. పైకి రావాలంటే మార్చుకోండి" అన్నాడు.

అనిల్ కుమార్ ఇషాక్ వైపు చూశాడు. ఇషాక్ తేజశ్రీ వైపు చూసి, గడ్డం కొంచెం ఎత్తాడు. తేజశ్రీ మైకు తీగ మోచేతికి చుట్టుకుంటోంది. చుట్టుకుంటూనే ఉంది. మూడు లెక్కల సేపు అతను ఆగాడు.

"అవునండీ, నాదే" అన్నాడు.

వాళ్ళు ఇల్లు చేరేలోపే ఆ మాట ఊరు చేరింది. ఇషాక్ చెయ్యి తప్పిందంట. చెయ్యి తప్పినవాడితో తిప్పిస్తే కాయ గాల్లోనే చిట్లుతుందని ఎవరో అన్నారు. తర్వాత అందరూ అన్నారు. కొట్టు ముందు వరస కరిగిపోయింది. రైతులు మళ్ళీ కూలీలని పెట్టుకుని కాళ్ళతో తిప్పించుకున్నారు. చివరికి పున్నమ్మ కూడా కేకెయ్యడం మానేసింది. అనిల్ కుమార్ డ్రమ్స్ వాయించే యంత్రం ఒకటి తెచ్చాడు. అది పాట పొడుగునా తేజశ్రీ చెవిలో టిక్కు టిక్కుమంటూ లెక్క చెప్పేది. దాంతో ఆమె ఎప్పుడూ ముందు రాలేదు, వెనక పడలేదు. విజయవాడలో గది తీసుకుంది. పేరొచ్చింది. ఒక్కోసారి పాడుతూ పాడుతూ, తను తూలిపడితే ఇది ఆగుతుందా అనుకునేది. ఆగదని తెలుసు.

ఏడాది తిరిగింది. మళ్ళీ కల్లాలు ఎర్రబడ్డాయి. ఆ ఆదివారం తేజశ్రీ నాయనమ్మని చూడ్డానికి వచ్చేసరికి పాక ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఒంగోలులో పెళ్ళి బ్యాండు నడిపే అల్లాబక్షు పెద్ద డ్రమ్ముని ఎక్కించి తాడు కడుతున్నాడు.

"అమ్మేస్తన్నావా?" అంది.

"ఊరికే దుమ్ము పడతన్నాయి." ఇషాక్ ఆమెని చూడకుండా స్నేరు తుడుస్తున్నాడు. "బాగున్నావా? నీ పాటలు ఫోనులో వింటా. లెక్క బాగా కుదురుతోంది నీకు."

"అది నేను కాదు, మిషను."

"ఏదైతేనేం."

అంతలో రోడ్డు మీద కారు ఆగింది, అనిల్ కుమార్ దిగాడు. సాయంత్రం హైదరాబాదు నుంచి స్టూడియో వాళ్ళు వస్తున్నారు, ఒప్పందం రాసుకోడానికి. మా అమ్మాయి లెక్క వెంట్రుకవాసి కూడా తప్పదని వాళ్ళకి చెప్పింది అతనే.

"తేజూ, మబ్బేస్తోంది. బయల్దేరదామా?"

నిజంగానే పడమర నల్లబడుతోంది. కింద వైపు ఆరకుండానే వానకి కుప్పేసి పట్టా కప్పితే కాయంతా పాడే. తిప్పే కూలీలు ఆ రోజు రాలేదు, తొడిమలు తీసే ఆడవాళ్ళే ఉన్నారు. పున్నమ్మ గట్టెక్కి ఆకాశాన్నీ, కాయల్నీ, ఆటోనీ చూసింది. ఏడాదిగా పిలవని పేరు ఆమె నోట్లోంచి సిగ్గుపడుతూ బయటికొచ్చింది.

"ఇషాకూ... పోయేముందు ఒక్కసారి తిప్పిపోరా."

"పెద్ద డ్రమ్ము కట్టేశారు మామ్మా. ఈ స్నేరొక్కటే ఉంది."

"దాంతోనే కానీ."

"చిట్లితే?"

"చిట్లితే చిట్లనీ. ఎవడి మాటో విని ఏడాది కాళ్ళతో తొక్కించా. ఏం మిగిలిందని?"

ఇషాక్ నేల మీద గొంతుకూర్చుని స్నేరు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఒక దెబ్బ. కాయలన్నీ లేచాయి. రెండో దెబ్బ, పడ్డాయి. తేజశ్రీ అతనికి వీపు పెట్టి కల్లం వైపే చూస్తోంది. చెవిలో టిక్కులు లేవు. ఆ ఎర్రటి అల లేచి పడుతుంటే ఆమె పెదాల మీదకి తెలియకుండానే పాత పాట వచ్చింది. ఇషాక్ విన్నాడు. చేతులు ఆ పాట లయలోకి మళ్ళాయి. నిశ్శబ్దం వచ్చే చోటికి పాట చేరింది. పుల్ల పడింది, కాయలు లేచాయి, అన్నీ ఆగాయి. ఒకటి. రెండు. మళ్ళీ ఆ బావి. మూడో లెక్కకే తేజశ్రీ గొంతు బయటికి దూకేసింది.

ఇషాక్ దెబ్బ పడలేదు.

కాయలూ పడలేదు. అరెకరం కాయ నేలకి జానెడెత్తున గాల్లో నిలిచిపోయింది. కింద నీడలు కదల్లేదు. ఎక్కడో కల్లం ఆ చివర ఒక్క కాయ మాత్రం మెల్లగా పొర్లుతోంది. తేజశ్రీ రెండో మాటకి వచ్చేదాకా అవన్నీ అలా ఎదురుచూశాయి. ఆమె ఆ మాట అందుకోగానే పుల్ల పడింది, కాయలన్నీ మెత్తగా, ఒక్క గింజ రాలకుండా దిగాయి.

ఆడవాళ్ళు ముక్కుగుడ్డలు సర్దుకున్నారు. అల్లాబక్షు తాడు ముడి సగంలో వదిలేశాడు. పున్నమ్మ వంగి ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ అదే చోట పెట్టింది.

"కాయలు ఊరికే ఆగవే" అంది నెమ్మదిగా. "ఎవరో ముందొచ్చారు. వాళ్ళ కోసం ఆగాడు వీడు."

అనిల్ కుమార్ చేతిలో కారు తాళం చప్పుడు ఆగిపోయింది. తేజశ్రీ వెనక్కి తిరిగింది. ఇషాక్ ఆమెనే చూస్తున్నాడు. గడ్డం ఎత్తలేదు. ఏడాది కింద ఎత్తాడు కదా, ఇంక ఎత్తడు. ఇప్పుడు నోరు తెరిస్తే సాయంత్రం రావాల్సినవాళ్ళు రారని ఆమెకి తెలుసు. తెరవకపోతే ఆటో బయల్దేరుతుందనీ తెలుసు. ఒకటి, రెండు, మూడు లెక్కలు గడిచాయి.

"ముందొచ్చింది నేను" అంది తేజశ్రీ, కల్లమంతా వినపడేలా. "మంగళగిరిలో కూడా నేనే. ఇషాక్ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. నాకు ఆ రోజే తెలుసు."